మీ ప్రశ్న, మా జవాబు: రాగులు, చీనీ తొక్క, బీరు పిచ్చి ఉన్న స్నేహితులు

పోయిన నెల అంబలి గురించి రాసినాం కదా, రాత్రి చేసిన రాగి జావను పులియబెట్టి పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుని తాగేది, దాని మీద వచ్చిన ఉత్తరాల్లో సగం బీరు వైపు తిరిగినాయి. చదువుతాంటే ఆశ్చర్యమేసింది, ఏంటికంటే తాగడం గురించి అడిగినోళ్లు తక్కువ, ఎట్ల చేస్తారు, ఎవరితో కలిసి చేస్తారు అని అడిగినోళ్లే ఎక్కువ. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. పేర్లు వేయొద్దన్నారు అందరూ, ఊళ్లు మాత్రం వేస్తాన్నాం.

ప్రశ్న: అన్నా, నాది అనంతపురం. బెంగళూరులో ఉద్యోగం చేసినన్ని రోజులు అక్కడి మైక్రోబ్రూవరీలకు, అంటే బీరు అక్కడికక్కడే చేసి పోసే చిన్న బార్లకు, పోతాంటి, తాగడానికంటే ఆ పెద్ద స్టీలు ట్యాంకులు చూడడానికే పోతాంటి అంటే మా వాళ్లు నమ్మరు. ఇప్పుడు ఇంటి నుంచే పని. బార్లీ బదులు మన రాగులతో, చీనీకాయ తొక్క వేసి బీరు చేస్తే ఎట్లుంటుందా అని ఒకటే ఆలోచన. ఫ్రెండ్స్‌కు చెప్తే ఎప్పుడు తాగిస్తావ్ మామా అంటారే గానీ ఎట్ల చేస్తావురా అని ఒక్కడూ అడగడు. ఇంట్లో చేయొచ్చా? ఇట్లాంటి పిచ్చి ఉండేవాళ్లు మన ఊర్లో యాడ దొరుకుతారు?

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తా తమ్ముడూ. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేయకూడదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం అది నేరం, నేను అమ్మను కదా, నా ఒక్కడి కోసమే కదా, ఐదు లీటర్లే కదా అంటే కుదరదు. బెంగళూరులో రూమ్ తీసుకుని చేస్తా అనుకుంటావేమో, కర్ణాటకలో కూడా లైసెన్స్ లేకుండా కుదరదు. ఈ విషయంలో నేను ఎవరికీ అడ్డదారి చెప్పను.

కానీ నీ ఉత్తరం చదివితే నీకు కావాల్సింది మత్తు కాదని తెలుస్తానే ఉంది. బీరు పనిలో రెండు సగాలు ఉంటాయి, ఈస్ట్, అంటే చక్కెరను పులియబెట్టే కంటికి కనిపించని జీవి, వేయకముందు ఒకటి, వేసినాక ఒకటి. గింజను మొలకెత్తించడం, ఎండబెట్టడం, పిండి చేయడం, సరైన వేడి నీళ్లలో నానబెట్టి పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చడం, వడగట్టి మసాలాలు వేసి మరిగించడం, ఇదంతా మొదటి సగం. దీంట్లో చుక్క ఆల్కహాల్ ఉండదు, ఏ చట్టమూ అడ్డం రాదు. నన్నడిగితే పనితనం ముప్పాతిక భాగం ఇక్కడే ఉంది, రెండో సగం ఈస్ట్ చేసుకునే పని.

రాగులతో ఇట్ల మొదలుపెట్టు. రాగులు కడిగి రాత్రంతా నానబెట్టు, నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టు, పూటకోసారి నీళ్లు చల్లుతా ఉంటే రెండు మూడు రోజుల్లో తెల్లగా మొలకలొస్తాయి. ఎండలో బాగా ఆరబెట్టి, చేత్తో నలిపి మొలకలు రాల్చేసి పిండి పట్టించు. ఇంట్లో అమ్మవాళ్లు రాగి మాల్ట్ చేసేటప్పుడు కమ్మగా ఉండాలని వేయిస్తారు చూడు, నువ్వు మాత్రం వేయించొద్దు, ఏంటికంటే మొలకలో పుట్టే ఎంజైమ్, పిండిని చక్కెరగా మార్చేది, గట్టి వేడికి చచ్చిపోతుంది, నీ పనంతా దాంతోనే. ఇప్పుడు మామూలు రాగి పిండితో గట్టి సంగటి చేయి, కర్రతో గెలికితే చేతులు నొప్పి పుట్టేంత గట్టిగా, దించి 65 డిగ్రీల దాకా చల్లారనియ్యి, వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కో, దాంట్లో మొలకల పిండి రెండు పిడికిళ్లు వేసి కలుపు. చూస్తాండగానే సంగటి లూజవుతుంది, గరిటెకు అంటుకునేది అంటుకోదు, కాసేపటికి జావ మాదిరి పారుతుంది, నాలుక మీద వేసుకుంటే ఒక్క పలుకు చక్కెర వేయకుండానే తియ్యగా ఉంటుంది. చిన్నపిల్లల జావలో మొలకెత్తిన రాగి పిండి కలపమని చెప్పేది కూడా ఇందుకే, జావ పల్చబడుతుంది, బిడ్డ సులభంగా మింగుతుంది. దీన్ని అట్లే ఇంకో గంట వేడిగా ఉంచి, పల్చటి గుడ్డలో వడగట్టి, మరిగించేటప్పుడు చివరి ఐదు నిమిషాల్లో దంచిన ధనియాలు, చీనీ తొక్క వేయాల. తొక్కలో పైన పచ్చటి పొర మాత్రమే, లోపలి తెల్లది పడితే చేదు ముదిరిపోతుంది. చేదు కావాలనుకుంటే హాప్స్, అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే ఎండు పూలు, తెప్పించుకో, దొరకకపోతే ఉగాది పచ్చడికి దాచిన వేపపువ్వు చిటికెడు వేసి చూడు, హాప్స్ రాకముందు యూరప్ వాళ్లు కూడా రకరకాల అడవి ఆకులే వేసేవాళ్లు.

చల్లారినాక ఫ్రిజ్‌లో పెట్టి, తాగేముందు గ్లాసులో సగం ఇది, సగం మంచి ఘాటు గోలీ సోడా. కరీబియన్ దీవుల్లో మాల్టా అని అమ్ముతారు, బార్లీ మాల్ట్, హాప్స్ మరిగించి, పులియబెట్టకుండానే గ్యాస్ ఎక్కిస్తారు, నీది రాయలసీమ మాల్టా అనుకో. ఒకటి రెండు రోజుల్లో తాగేయాల, మన ఎండలకు బయట పెడితే దానంతటదే పులుస్తుంది.

ఇంక మనుషుల సంగతి. నువ్వు బీరు ఇష్టమున్నోళ్లను వెతుకుతాండావు, అందుకే తాగేవాళ్లు తగులుతాండారు. పని ఇష్టమున్నోళ్లను వెతుకు. ఇంట్లో బ్రెడ్‌కు సోర్‌డో అనే పులిసిన పిండి పెంచేవాళ్లు, కొంబుచా అనే పులియబెట్టిన టీ చేసేవాళ్లు, కాఫీ గింజలు సొంతంగా వేయించుకునేవాళ్లు, ఫుడ్ టెక్నాలజీ చదివే పిల్లలు, కొర్రలు అండుకొర్రలు పండించే రైతులు, అంతెందుకు, పాత ఊర్లో గోలీ సోడా కొట్టే ఆయన, గ్యాస్ గురించి ఆయనకు తెలిసినంత మనకు తెలియదు. వీళ్లలో ముగ్గురు దొరికితే చాలు. ఒక ఆదివారం ఒకే గింజ అనుకోండి, ఎవరింట్లో వాళ్లు చేసి తెచ్చి చిన్న గ్లాసుల్లో పోసుకుని, నోరు తెరిచి ఒక్క మాట అనకముందే ఎవరికి ఏం తోచిందో పేపర్ మీద రాయండి, తర్వాత చదవండి. ఒకరికి మట్టి వాసన వచ్చిందంటారు, ఒకరికి కాల్చిన జొన్నరొట్టె వాసన, అక్కడి నుంచి మాట ఎంతసేపు పోతుందో చూడు.

రాగులతో బీరు అనేది మాత్రం వింతేం కాదు. నేపాల్, సిక్కిం కొండల్లో తోంగ్బా అని ఉంది, ఉడికించిన రాగులను పులియబెట్టి, పొడుగాటి పాత్రలో నింపి వేడి నీళ్లు పోసి, వెదురు గొట్టంతో పీలుస్తారు. నీళ్లు అయిపోతే మళ్లీ పోస్తారు, అదే రాగుల మీద గంటల తరబడి కబుర్లు నడుస్తాయి. ఎప్పుడన్నా అటు పోతే తాగి చూసి రా, అక్కడ చేసేవాళ్లతో కూర్చుని రా.

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. మా పిల్లోడు డల్లాస్‌లో ఉండాడు, పెండ్లి కూడా అయింది. మొన్న వీడియో కాల్‌లో గ్యారేజీ చూపిస్తే పెద్ద స్టీలు డేగిసా, కింద మంట, చుట్టూ నలుగురైదుగురు నిలబడి ఉండారు. ఏందిరా అంటే బీరు చేస్తాండాంమా అంటాడు. ప్రతి రెండు వారాలకు ఇదే పనంట. మా ఇంటా వంటా సారా కాసినోళ్లు లేరు. పోలీసులు పట్టుకుపోతారేమో అని నిద్ర పట్టడం లేదు. వానికి ఎట్ల నచ్చచెప్పాల?

జవాబు: అమ్మా, పోలీసుల భయం మొదట తీసేయండి. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టినాడు, 1979 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండా చేసుకోవచ్చు. టెక్సస్‌లో కూడా చేసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. ఇంకోటి, సారా వేరు, బీరు వేరు. సారా అంటే పులిసినదాన్ని బట్టీ పెట్టి ఆవిరి పట్టేది, ఆ చట్టం దానికి ఒప్పుకోలేదు. మీవాడు చేసేది గింజను ఉడికించి పులియబెట్టేది మాత్రమే.

మీరు చూసిన ఆ డేగిసా చుట్టూ ఏం జరుగుతుందో చెప్తా. ఒక గంట గింజ నానబెట్టడం, ఒక గంట మరిగించడం, తర్వాత చల్లార్చడం, మిగతా టైమంతా పాత్రలు కడగడం, ఏంటికంటే శుభ్రత లేకపోతే బీరు పుల్లగా పాడైపోతుంది. మొత్తం ఐదారు గంటల పని, ఆ రోజు చేసింది ఆ రోజు తాగడానికి పనికిరాదు, రెండు మూడు వారాలు ఆగాల. అంటే అన్ని గంటలూ వాళ్లు చేసేది కూర్చుని మాట్లాడుకోవడం. ఒకడు కార్పెంటర్ పని తెలిసినోడు ఉంటాడు, బల్ల చేసి పెడతాడు, ఇంకొకడు ఎలక్ట్రానిక్స్ తెలిసినోడు, పాత ఫ్రిజ్‌కు టెంపరేచర్ కంట్రోల్ బిగిస్తాడు, ఇంకొకరు మిగిలిన గింజ పిప్పితో బ్రెడ్ చేసుకొస్తారు. పరాయి దేశంలో, ఆఫీసు తప్ప వేరే మనిషి తెలియని చోట, నెలకు రెండుసార్లు ఇంటికొచ్చే నలుగురు మనుషులు దొరకడం చిన్న సంగతి కాదమ్మా. అక్కడ ఒంటరిగా ఉండే మన పిల్లల్ని చూసినోణ్ణి కాబట్టి గట్టిగా చెప్తాన్నా.

వాళ్ల మధ్య ఈస్ట్ కూడా చేతులు మారుతుంది. మన దగ్గర పక్కింటికి గిన్నె తీసుకుపోయి పెరుగు తోడు అడుగుతాం చూడండి, అచ్చం అట్లే, ఒకరి దగ్గర బాగున్న ఈస్ట్ ఇంకొకరు సీసాలో పట్టుకుపోతారు. పశ్చిమ నార్వే పల్లెల్లో క్వైక్ అనే ఈస్ట్ ఉంది, తరతరాలుగా రైతులు చెక్క రింగుల మీద ఆరబెట్టి దాచుకుని, ఎవరిదన్నా చెడిపోతే పక్కవాళ్ల దగ్గర తెచ్చుకునేవాళ్లు. ఏల్ అనే రకం బీరుకు వేసే మామూలు ఈస్ట్‌కు 20 డిగ్రీల దగ్గర చల్లగా ఉండాల, క్వైక్ మాత్రం 30 నుంచి 40 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పనిచేస్తుంది. డల్లాస్ ఎండాకాలం గ్యారేజీకి సరిగ్గా సరిపోతుంది, మీవాణ్ణి అడగండి, వాని దగ్గర ఉండే ఉంటుంది.

మాన్పించడం సంగతి పక్కన పెట్టి ఒక పని చేయండి. రాగులు మొలకెత్తించి మాల్ట్ చేసేది మీ చేతికి వచ్చిన పని, పైన అనంతపురం ఉత్తరంలో రాసినాం చూడండి, ఆ పని వాళ్లలో ఎవరికీ రాదు. రాగులు అక్కడి మన ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. ఈసారి కాల్‌లో గుడ్డ ఎంత తడిగా ఉండాల, మొలక ఎంత పొడుగయ్యాక ఆపాల అని మీరే వానికి చూపించండి, ఆ నలుగురినీ కూర్చోబెట్టి. అడిగిన మాటకు ఒకటి కలుపుతా, వాడు రోజూ తాగుతాడా అని మీకు అనుమానముంటే అది ఈ హాబీకి సంబంధం లేని వేరే మాట, సూటిగా వాణ్ణే అడగండి, కోడలినీ అడగండి.

ప్రశ్న: కర్నూలు నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటున్నా. ఇక్కడ ఇంట్లో బీరు చేసేవాళ్ల గుంపులో చేరినా. వచ్చే నెల తలా ఒక వింత బీరు తేవాలంట. చింతపండు, ధనియాలు, శెనిక్కాయలు, ఈ మూడిట్లో ఏదన్నా చేద్దామని ఉంది, నవ్వుతారేమోనని భయం. ఏది తీసుకుపోవాల?

జవాబు: నవ్వరు, పైగా ధనియాలు వాళ్లకు కొత్తేం కాదు. బెల్జియంలో విట్‌బీర్ అనే గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేయడం పాత పద్ధతే. హూగార్డెన్ అనే ఊర్లో ఆ బీరు పూర్తిగా ఆగిపోతే, చిన్నప్పుడు పక్కనున్న బ్రూవరీలో చేయి సాయం పట్టిన పియర్ సెలిస్ అనే పాల వ్యాపారి 1966లో మళ్లీ మొదలుపెట్టినాడు, ఈరోజు ప్రపంచమంతా తాగుతాంది. ఇక జర్మనీలో చూడు, బవేరియాలో 1516లో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేం వేయకూడదని చట్టం చేసినారు, అదే జర్మనీలో గోస్లార్, లైప్‌జిగ్ వైపు ఉప్పు, ధనియాలు వేసి పుల్లటి గోజ్ అనే బీరు చేసేవాళ్లు. పులుపు, ఉప్పు, ధనియాలు! ఇది చారు చేసే ఇంట్లో పుట్టినోనికి ఎవరన్నా నేర్పించాలా?

అందుకే చింతపండుతో గోజ్ నా ఓటు. 20 లీటర్లకు ఉప్పు 10 నుంచి 15 గ్రాములు దాటొద్దు, ఉప్పగా తెలియకూడదు, నోట్లో నీళ్లూరితే చాలు. ధనియాలు 15 గ్రాములు, అప్పటికప్పుడు దంచి మరుగు చివర్లో వేయి, మన ధనియాల్లో నిమ్మ వాసన బాగుంటుంది. చింతపండు మాత్రం మొత్తం బీరులో ఒక్కసారే పోసేయొద్దు, గుజ్జు మరిగించి చల్లార్చి, తయారైన బీరు ఒక గ్లాసు తీసుకుని దాంట్లో చెంచాతో కొలిచి కలుపుకుంటా నీ నాలుకకు సరిపోయే లెక్క తెలుసుకో, ఆ లెక్కనే 20 లీటర్లకు పెంచు.

శెనిక్కాయలు వద్దు, ఈసారికి వద్దు. గింజలో దాదాపు సగం నూనే ఉంటుంది, నూనె తగిలితే బీరు నురగ నిలబడదు, పోసిన నిమిషానికి చప్పిడి నీళ్ల మాదిరి కనిపిస్తుంది. నూనె తీసేసిన చెక్క వాడదామనుకుంటావేమో, పశువుల మేతకు పోయే చెక్కలో బూజు విషం, అఫ్లాటాక్సిన్, ఉండే ప్రమాదముంది, దాని జోలికి పోవద్దు. తినడానికని నూనె తీసి అమ్మే శెనిక్కాయ పౌడర్ అక్కడ దొరుకుతుంది, అలర్జీ ఉన్నోళ్లు గుంపులో ఎవరన్నా ఉన్నారేమో అడిగినాకే అది.

ఇంక గుంపులో ఎట్ల కలవాల అన్నది నువ్వు అడగలేదు గానీ ఉత్తరం నిండా అదే ఉంది. వాళ్లు బీరు గురించి మాట్లాడే పద్ధతి ఒకటి ఉంది, 50 మార్కుల షీటు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద ఎట్లుందో దానికి 10. ఈ షీటు ఒకటి ప్రింటు తీసుకుని, నీ బీరు కంటే ముందు పక్కవాని బీరుకు నింపు, బాగుంది అని ఊరుకోకుండా వాసన ఏం గుర్తుకు తెచ్చిందో రాయి. నీకు ఎండుమామిడి తొక్కు గుర్తొస్తే అదే రాయి, అదేంటని వాళ్లే అడుగుతారు, అరగంట నువ్వే మాట్లాడతావు. అక్కడ 1963 నుంచి ఇంట్లో బీరుకు లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి ఆ భయం కూడా లేదు, అమ్మకం మాత్రం పెట్టుకోవద్దు.

ప్రశ్న: కడప నుంచి. బీరుకు గింజ మొలకెత్తించాలంటారు, ఈతకల్లుకు అదేం లేకుండానే పొంగుతుంది కదా, ఎట్ల?

జవాబు: ఈత నీరాలో చక్కెర ముందే ఉంటుంది, గాలిలో, కుండలో ఉండే ఈస్ట్ దాని మీద నేరుగా పడుతుంది, చెట్టు మీది కుండలోనే పని మొదలైపోతుంది. గింజలో ఉండేది పిండి పదార్థం, ఈస్ట్ దాన్ని తినలేదు, ముందు చక్కెర కావాల, ఆ పని మొలక చేస్తుంది. అంతే తేడా.

ప్రశ్న: ఆదోని నుంచి రాస్తాన్నా. అల్లం, చక్కెర, నిమ్మకాయతో ఇంట్లోనే పొంగే అల్లం సోడా చేసినాం, గాజు సీసాల్లో నింపి వంటింట్లో పెట్టినాం, మూడో రోజు ఒకటి ఢాం అని పేలింది. ఎవరికీ ఏం కాలేదు. తప్పు యాడ జరిగింది?

జవాబు: చక్కెర మిగిలి ఉండగానే మూత బిగిస్తే లోపల ఈస్ట్ గ్యాస్ చేస్తానే పోతుంది, మన వేడికి ఇంకా తొందరగా. ఈసారి నుంచి సాఫ్ట్ డ్రింక్ వచ్చే ప్లాస్టిక్ బాటిళ్లలోనే నింపండి, రోజుకు రెండుసార్లు నొక్కి చూడండి, రాయి మాదిరి గట్టిపడితే వెంటనే ఫ్రిజ్‌లోకి, చల్లదనానికి ఈస్ట్ నిదానిస్తుంది. ఒకటి రెండు రోజులకు మించి బయట పెట్టొద్దు, ఎక్కువ రోజులు పులిస్తే ఆల్కహాల్ కూడా పెరుగుతుంది, 0.5 శాతం దాటితే ఫుడ్ సేఫ్టీ నిబంధనల ప్రకారం అది మద్యం కిందికే వస్తుంది, పిల్లలకు పోయకూడదు.

అదే రోజు నింపిన మిగతా గాజు సీసాలు ఇంకా ఇంట్లో ఉంటే ఈ పేజీ ఇక్కడ ఆపి ముందు వాటి సంగతి చూడండి. పిల్లల్ని బయటికి పంపి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో సీసాకు మందపాటి టవల్ చుట్టి, ఫ్రిజ్‌లో పెట్టి ఒక రాత్రంతా చల్లబడనిచ్చి, ఆ టవల్ తీయకుండానే సింకు మీద మూత మెల్లగా వదులు చేయండి.